ఎయిర్ హారన్ ఎవరి చెవికి చేరుతుంది

గుంటూరు నుంచి విజయవాడకు సొంత కారులో తరచుగా వచ్చేవారికి కాజ టోల్‌గేటు పరిసరాల్లో ఎదురయ్యే అనుభవం ఒకటుంది. కుడి వరుసలో ఒక లారీ నింపాదిగా సాగుతూ ఉంటుంది. వెనక నుంచి ఎన్నిసార్లు హారన్ కొట్టినా అది పక్కకు తప్పుకోదు. లారీ డ్రైవరు వినీ విననట్టు ఊరుకున్నాడా, లేక అసలు వినిపించలేదా అన్నది మనకు తెలియదు. ఆ విసుగులోనే చాలామందికి ఆటోనగర్ గుర్తుకు వస్తుంది. చేతిలో ఇమిడే చిన్న కంప్రెసరు, రెండో మూడో బాకాలు, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), కొంత రబ్బరు గొట్టం కలిపి ఒకే పెట్టెలో అమ్మే ఎయిర్ హారన్ సెట్టును ఏ ఆటో ఎలక్ట్రీషియన్ అయినా గంటలో బిగించగలడు. ఖర్చు పెద్దది కాదు, పని కష్టమైనది కాదు. అందువల్ల ఇది సీటు కవర్లు మార్చుకున్నంత మామూలు విషయమని అనిపిస్తుంది.

నన్ను గమనించి దారి ఇవ్వాలని కోరుకోవడం వాహనం నడిపేవారి న్యాయమైన అవసరమే కాబట్టి, ఈ కోరికను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ అవసరాన్ని ఎయిర్ హారన్ తీరుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చట్టం, ధ్వని, కరెంటు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో కాస్త ఓపికగా చూడాలి.

చట్టం విషయంలో పరస్పర విరుద్ధమైన రెండు నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి. ఎయిర్ హారన్ అన్నదే నిషిద్ధమని కొందరు అంటారు. నిషేధం లారీలకు, బస్సులకు మాత్రమేనని, సొంత కార్లను ఎవరూ అడగరని మరికొందరు అంటారు. రెండూ సరైనవి కావు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 119వ నియమం హారన్ల గురించి చెబుతుంది. ప్రతి మోటారు వాహనానికీ తన రాకను ఎదుటివారికి తెలియజేయడానికి సరిపడే విద్యుత్ హారన్ గాని, నిర్దేశిత భారతీయ ప్రమాణాన్ని పాటించే మరొక సాధనం గాని ఉండాలని దాని మొదటి భాగం ఆదేశిస్తుంది. రెండో భాగమే అసలైనది. వేర్వేరు స్వరాలను ఒకదాని వెంట ఒకటిగా పలికే హారన్‌ను గాని, మితిమీరి కర్కశంగా, కీచుగా, బిగ్గరగా లేదా బెదరగొట్టేలా మోగే మరే సాధనాన్ని గాని ఏ మోటారు వాహనానికీ అమర్చకూడదని అది చెబుతుంది. అంబులెన్సులకు, అగ్నిమాపక వాహనాలకు, పోలీసు వాహనాలకు, విధుల్లో ఉన్న రవాణా శాఖ అధికారుల వాహనాలకు మాత్రం విడిగా మినహాయింపు ఉంది.

ఈ మాటలను నిదానంగా చదివితే రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, నియమం చూసేది ధ్వని ఎలా పుట్టిందని కాదు, అది ఎలా వినిపిస్తుందని. గాలితో మోగినా, కరెంటు తీగచుట్టతో మోగినా, స్పీకరు నుంచి వచ్చినా, కర్కశంగా బెదరగొట్టేది నిషిద్ధమే. రెండోది, "ఏ మోటారు వాహనానికీ" అన్నప్పుడు అందులో కారు, స్కూటరు, బుల్లెట్టు అన్నీ చేరతాయి. ఇక్కడే ఇంకొక సూక్ష్మం ఉంది. చాలా కార్లలో కంపెనీయే రెండు హారన్లు బిగిస్తుంది. వాటిలో ఒకటి మంద్రంగా, మరొకటి కాస్త హెచ్చు స్థాయిలో పలుకుతుంది. ఆ రెండూ ఒకేసారి మోగుతాయి గనుక అది వరుసగా మారే స్వరాల కిందకు రాదు. పాట పల్లవిలా ఒక స్వరం తరువాత మరొకటి పలికే మ్యూజికల్ హారన్ మాత్రం, అది మెల్లగా మోగినా సరే, నియమాన్ని అతిక్రమించినట్టే. ఈ తేడా తెలియక, జంట హారన్ ఉన్నందుకే కంగారు పడేవారిని, మ్యూజికల్ హారన్ బిగించుకుని నిశ్చింతగా తిరిగేవారిని కూడా నేను చూశాను.

బిగ్గరతనానికి అంకెల్లోనూ హద్దు ఉంది. వాహనానికి బిగించిన హారన్‌ను వాహనం ముందు 7 మీటర్ల దూరంలో కొలుస్తారు. కారు వంటి వాహనాలకు ఆ కొలత 93 డెసిబెల్‌లకు తగ్గకూడదు, 112 డెసిబెల్‌లను మించకూడదు. హారన్ మరీ మెల్లగా ఉండటం కూడా లోపమే అన్న సంగతిని ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి, దాని అవసరం తరువాత వస్తుంది.

దుకాణంలో పెట్టె మీద 150 డెసిబెల్ అనో అంతకన్నా ఎక్కువనో ముద్రించి ఉంటుంది. ఎంత దూరంలో కొలిచారో చెప్పని డెసిబెల్ అంకె, ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పని కిలోమీటర్ల లెక్క వంటిది. పైగా డెసిబెల్ మామూలు కూడిక ప్రకారం పెరగదు. ప్రతి 10 డెసిబెల్‌లకూ ధ్వని శక్తి పది రెట్లవుతుంది, కాబట్టి 112కూ 150కీ మధ్య తేడా ఆరు వేల రెట్లకు పైమాటే. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20 ఆంపియర్లు లాగే కంప్రెసరు వాడుకునేది 240 వాట్లు. ఆ శక్తి రవ్వంత కూడా వృథా కాకుండా మొత్తం ధ్వనిగా మారి అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపించిందని అనుకున్నా, ఒక మీటరు దూరంలో వచ్చేది సుమారు 133 డెసిబెల్‌లు. నిజానికి అందులో అధిక భాగం మోటారు వేడిగా, గాలి కదలికగా పోతుంది. కాబట్టి పెట్టె మీది అంకెను పట్టించుకోనక్కర లేదు. అయితే ఆ అంకె అబద్ధమైనంత మాత్రాన లోపలి హారన్ నిరపాయకరమైపోదు, ఎందుకంటే హద్దును దాటడానికి దానికి 150 అక్కర లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆ ధ్వని ఎవరికి చేరుతుంది? అడ్డంకి లేని చోట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది, దూరం సగమైనప్పుడల్లా అంతే పెరుగుతుంది. చట్టం అనుమతించే చివరి అంచున, 7 మీటర్ల దగ్గర సరిగ్గా 112 డెసిబెల్‌లు మోగే హారన్‌ను తీసుకుందాం. 14 మీటర్ల దూరంలో అది 106, 28 మీటర్ల దూరంలో 100 అవుతుంది. మనం ఎవరి కోసం హారన్ కొడుతున్నామో ఆ లారీ డ్రైవరు ఆ 28 మీటర్ల దగ్గర, బండి ముందు కొసన, క్యాబిన్‌లో కూర్చున్నాడు. అతనికీ మనకూ మధ్య సరుకుతో నిండిన లారీ శరీరం మొత్తం అడ్డుగోడలా నిలబడి ఉంది. ఆ గోడను, క్యాబిన్ రేకును, అద్దాలను దాటేసరికి మరో 20 డెసిబెల్‌లు తగ్గినా, మిగిలేది 80 దరిదాపు. అతని కాళ్ల దగ్గర మోగుతున్న డీజిల్ ఇంజను హోరు, టైర్ల రొద కలిసి అదే స్థాయిలో ఉంటాయి. ఒక్కొక్కసారి పాటలూ తోడవుతాయి. అతనికి వినిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అదే హారన్‌ను విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మోగించినప్పుడు ఏమవుతుందో చూడండి. కారు ముందు మూడున్నర మీటర్ల దూరంలో స్కూటరు మీద ఉన్న మనిషికి అది 118 డెసిబెల్‌లు. మన ఊళ్లలో సిగ్నల్ దగ్గర ద్విచక్ర వాహనాలు బంపరుకు ఆనుకుని నిలబడతాయి గనుక, అందులో సగం దూరంలో ఉన్నవారికి 124. వారికి అద్దాల రక్షణ లేదు, క్యాబిన్ లేదు, చాలామందికి హెల్మెట్ కూడా ఉండదు. స్కూటరు ముందు నిలబడిన చిన్నపిల్లల చెవులకూ ఏ రక్షణా ఉండదు. హారన్ కొట్టినవారు మాత్రం మూసిన అద్దాల వెనక, బాకాలకు వెనకవైపున కూర్చుని ఉండటం వల్ల తాము చేసిన శబ్దంలో అతి తక్కువ భాగమే వింటారు. ఎయిర్ హారన్ బిగించి మరో 6 డెసిబెల్‌లు పెంచితే లారీ డ్రైవరుకు కలిగే ప్రయోజనం స్వల్పం, కానీ బంపరుకు ఆనుకుని ఉన్న స్కూటరు మీది మనిషికి చేరేది 130. ఎవరికి వినిపించాలని కొన్నామో వారికి అంతంతమాత్రంగాను, ఎవరికి వినిపించనక్కర లేదో వారికి పూర్తిగాను చేరడమే ఈ పరికరం స్వభావం. ఈ విషయంలో నేను ఎవరినైనా ఒప్పించాలని కోరుకుంటే, కోరుకునేది ఈ ఒక్క లెక్క గురించే.

ఆ 124 డెసిబెల్‌లు చెవిలో చేసే పని కూడా తెలుసుకోవాలి. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్య చెవిలోని ఒక చిన్న కండరం బిగుసుకుని లోపలికి వెళ్లే ధ్వనిని కొంత అడ్డుకుంటుంది. కానీ అది బిగుసుకోవడానికి సెకనులో పదో వంతు దాకా పడుతుంది. హఠాత్తుగా మోగే హారన్ తొలి దెబ్బ అంతకుముందే లోపలికి చేరిపోతుంది. లోపలి చెవిలో ధ్వనిని నాడీ సంకేతంగా మార్చే సన్నని కేశ కణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో అవి మళ్లీ పుట్టవు. మన దేశపు కర్మాగారాల నియమాల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్‌లను, 115 డెసిబెల్‌లకైతే రోజుకు పావుగంటను హద్దుగా పెట్టారు. రోజంతా కూడలిలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకు, ఆటో డ్రైవరుకు, ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రవాడికి అటువంటి లెక్క రాసేవారు ఎవరూ లేరు.

చెవి సంగతి అలా ఉంచినా, ఉలికిపాటు ఉంది. వెనక నుంచి అనుకోని పెద్ద శబ్దం రాగానే కళ్లు మూతపడటం, భుజాలు బిగుసుకోవడం మనిషి ఆపుకోగలిగినవి కావు. వారధి మీద అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్న స్కూటరు సెకనుకు పదహారు మీటర్లకు పైగా కదులుతుంది. ఆ క్షణంలో హ్యాండిల్ కాస్త వంకర తిరిగినా, అనాలోచితంగా బ్రేకు పడినా పరిణామం ఏమిటో చెప్పనక్కర లేదు. ప్రమాదాన్ని తప్పించడానికి పెట్టిన సాధనమే ప్రమాదాన్ని పుట్టించగలదు.

హారన్ నిబంధనలకు లోబడి ఉన్నా, దాన్ని మోగించకూడని చోట్లు, వేళలు ఉన్నాయి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగటి హద్దు 50 డెసిబెల్‌లు, రాత్రి హద్దు 40. 2010లో చేర్చిన సవరణ ప్రకారం నిశ్శబ్ద మండలాల్లో ఎప్పుడూ, నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ప్రజలకు అత్యవసరమైన సందర్భంలో తప్ప హారన్ మోగించకూడదు. అంతకు ముందే 2005 జూలైలో సుప్రీంకోర్టు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఆర్.సి. లహోటి ఉన్న ధర్మాసనం ద్వారా, నివాస ప్రాంతాల్లో రాత్రిపూట హారన్‌లను కట్టడి చేస్తూ తీర్పు ఇచ్చింది. విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒక్కొక్క ఆసుపత్రి చుట్టూ నూరేసి మీటర్ల వలయం గీస్తే ఆ వలయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పేట పేటంతా నిశ్శబ్ద మండలమే కావాలి. మా అమ్మకు శస్త్రచికిత్స జరిగిన రాత్రి అటువంటి ఒక వీధిలో రెండో అంతస్తు గదిలో కూర్చున్నాను. కింద ఒక కారు హారన్ మోగినప్పుడల్లా నిద్రమాత్ర వేసుకున్న ఆమె చెయ్యి మంచం కమ్మీని గట్టిగా పట్టుకునేది. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన ఆ రాత్రిదే.

శిక్షల విషయం త్వరగా చెప్పి ముందుకు పోతాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194ఎఫ్ సెక్షన్ అనవసరంగా, ఆపకుండా లేదా హారన్ నిషేధ సూచిక ఉన్న చోట మోగించినందుకు మొదటిసారి 1,000, తరువాత 2,000 రూపాయల జరిమానా చెబుతుంది. ఇది వాడకానికి సంబంధించినది. శబ్ద ప్రమాణాలను అతిక్రమించే వాహనం నడిపితే 190వ సెక్షన్ కింద మొదటి నేరానికి మూడు నెలల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, దానితో పాటు మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత రావచ్చు. వాహన యజమాని నియమాలకు విరుద్ధంగా విడిభాగాలు అమర్చి మార్పులు చేస్తే 182ఎ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మోగించకపోయినా బిగించి ఉండటమే తప్పు అవుతుందని చాలామందికి తెలియదు. "అవసరమైనప్పుడే వాడతాను, మామూలుగా పాత హారనే" అంటూ రెండు హారన్లకూ మధ్య స్విచ్ పెట్టించుకునేవారు గమనించవలసింది ఇదే.

ఇక కరెంటు. కంపెనీ బిగించిన డిస్క్ హారన్ ఒక్కొక్కటి నాలుగైదు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది, దాని ఫ్యూజు, వైరు మందం అందుకు తగినట్టే ఉంటాయి. కంప్రెసరు 15 నుంచి 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. అందుకే బ్యాటరీ నుంచి విడిగా మందపాటి వైరు, బ్యాటరీకి అతి దగ్గరగా ఫ్యూజు, మధ్యలో రిలే ఉండి, పాత హారన్ వైరు ఆ రిలేను మేల్కొలపడానికి మాత్రమే వాడాలి. రిలే మీద 85, 86 అన్న కాళ్లు హారన్ బటన్ వైపు, 30 బ్యాటరీ వైపు, 87 కంప్రెసరు వైపు వెళతాయి. వీటిలో ఫ్యూజును వదిలివేయడం అతి ప్రమాదకరం. బ్యాటరీ నుంచి బంపరు దాకా పోయే వైరు ఎక్కడో రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు చిరిగితే, దాన్ని ఆపే ఫ్యూజు లేనప్పుడు వైరే కాలి నిప్పు అంటుకుంటుంది. ఈమధ్య వచ్చిన కార్లలో హారన్‌ను ఒక ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టె నడిపిస్తుంది. అందులోంచి నేరుగా కంప్రెసరుకు కరెంటు తీస్తే కాలిపోయేది ఖరీదైన ఆ పెట్టె. కోసి అతికించిన వైరింగ్ వల్ల నష్టం జరిగిందని తేలితే కంపెనీ వారంటీ గాని, బీమా క్లెయిమ్ గాని చిక్కుల్లో పడవచ్చు. మోటారుసైకిలు చిన్న బ్యాటరీ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

లారీలు, బస్సుల్లో ఎయిర్ హారన్‌కు కావలసిన గాలి, బ్రేకుల కోసం ఇంజను నింపే ట్యాంకు నుంచే వస్తుంది. బ్రేకు గొట్టానికి అడ్డదిడ్డంగా కోత పెట్టి హారన్ తీసుకుంటే అక్కడి చిన్న లీకు బ్రేకుల ఒత్తిడినే తగ్గిస్తుంది. సొంత వాహనాలకు ఈ బాధ లేదు కాబట్టి ఇంతటితో ఆపుతాను.

హారన్ వినిపించడం లేదన్న ఫిర్యాదుకు నా అనుభవంలో అసలు కారణం చాలాసార్లు హారన్ చిన్నది కావడం కాదు, దానికి చేరే కరెంటు తక్కువ కావడం. హారన్ బంపరు వెనక, నీరూ దుమ్మూ పడే చోట ఉంటుంది. కొన్నేళ్లకు వైరు హారన్‌కు కలిసే కప్లరులో పచ్చటి చిలుము చేరుతుంది, ఎర్తు బిగించిన బోల్టు తుప్పు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు నీటిలో ఉండిపోయిన బళ్లకు ఇటువంటి జబ్బు రావడం సహజమే. ఇది కనుక్కోవడం సులభం. ఇంజను ఆపి, ఒకరు బటన్ నొక్కుతుండగా మరొకరు మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర, ఆ తరువాత హారన్ రెండు కాళ్ల దగ్గర వోల్టేజి చూడాలి. రెండింటికీ తేడా ఒక వోల్టు దాటిందంటే దారిలో ఎక్కడో కరెంటు పోతోందని అర్థం. కప్లరు శుభ్రం చేసి, ఎర్తు బోల్టును గీకి మళ్లీ బిగిస్తే, పైసా ఖర్చు లేకుండా హారన్ తన అసలు గొంతు తాను తెచ్చుకుంటుంది. అప్పటికీ చాలకపోతే, ఒక్క హారనే ఉన్న మోడల్ కారుకు అదే కంపెనీ పై మోడళ్లలో వాడే మంద్ర, తార స్వరాల జంటను రిలేతో బిగించుకోవచ్చు. 93 నుంచి 112 వరకు ఉన్న విశాలమైన పరిధిలో, నియమం గీత దాటకుండానే, మన హారన్‌ను పై భాగానికి తీసుకువెళ్లే మార్గం ఇది.

రహదారి మీది లారీకి మాత్రం హారన్ కన్నా వెలుతురు ముందు చేరుతుంది. లారీకి మరీ దగ్గరగా పోయినప్పుడు దాని పక్క అద్దాలు మనకు కనిపించవు, మనకు అద్దం కనిపించకపోతే డ్రైవరుకు మనం కనిపించనట్టే. ముప్పై నలభై మీటర్లు వెనక్కి తగ్గి, అతని కుడి అద్దంలో మన కారు పడేలా వరుసలో కాస్త కుడికి జరిగి, రెండుసార్లు డిప్పరు కొడితే చాలామంది డ్రైవర్లు తప్పుకుంటారు. ఒక చిన్న హారన్ దానికి తోడైతే సరిపోతుంది. ఎడమ వైపు నుంచి దూరిపోవాలన్న తొందర మాత్రం పనికిరాదు, లారీకి ఎడమవైపు గుడ్డి ప్రదేశం మరింత పెద్దది.

ఎవరో బిగించిన ఎయిర్ హారన్‌తో ఉన్న పాత కారును కొన్నవారు దాన్ని విప్పించేటప్పుడు బాకాలు, కంప్రెసరు తీసేసి ఊరుకోకూడదు. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగను తీయాలి. తరువాత కంప్రెసరు కోసం వేసిన పాజిటివ్ వైరును బ్యాటరీ మొన దాకా వెతుక్కుంటూ వెళ్లి పూర్తిగా తీసేయాలి. మధ్యలో కత్తిరించి టేపు చుట్టి వదిలేసిన వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎండకు టేపు జారిపోయిన రోజు అది రేకుకు తగులుతుంది. పాత హారన్ కప్లరును కోసి ఉంటే ఆ చోట వైర్లను మెలిపెట్టి వదలకుండా సోల్డరు చేయించి, తొడుగు వేయించాలి. ఫ్యూజు పెట్టెలో హారన్ ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు గుచ్చారేమో చూసి, మూత మీద ముద్రించిన విలువ గల ఫ్యూజునే తిరిగి పెట్టాలి. అన్నీ అయ్యాక నెగెటివ్ తీగ బిగించి, కారుకు ఏడు మీటర్ల ముందు ఎవరినైనా నిలబెట్టి, ఒక్కసారి హారన్ మోగించి స్పష్టంగా వినిపించిందో లేదో అడిగితే చాలు.